వేలెడు ఎడం

సాయంత్రం రైలుకు భర్త వస్తున్నాడు. తొమ్మిది నెలల తర్వాత వస్తున్నాడు. అందుకని టైలరమ్మ ఆ పొద్దున కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి ఒక పథకం వేసుకుంది. మధ్యాహ్నంలోపు కారుకు కొత్త పైపులు బిగించడం, ఆ తర్వాత మసి వదిలేలా స్నానం చేయడం, ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఆ కారులోనే స్టేషనుకు వెళ్లడం. ఆయన స్టేషను మెట్లు దిగేసరికి చెవిన పడాల్సింది తన పిలుపు కాదు, ఆ కారు గొంతు. చెప్పుకోవడానికి ఇంతకన్నా తేలికైన పథకం ఉండదు.

భర్త ఓడలో ఇంజను గది ఫిట్టరు. మూడేళ్ల కిందట సెలవుకు వచ్చినప్పుడు ఆ పైపులు కొనుక్కొచ్చాడు. ఇంజను పొగను బయటికి మోసే పాత ఇనుప దిమ్మను తీసేసి, దాని స్థానంలో ఈ హెడర్ పైపులు పెడితే బండి హాయిగా ఊపిరి పీల్చుకుంటుందని, దాని గొంతే మారిపోతుందని భార్యకు చెప్పాడు. చెబుతుంటే ఆయన కళ్లు మెరిశాయి. తీరా చూస్తే పైపులు పట్టలేదు. ఒకచోట సర్దితే ఇంకోచోట తగిలేవి. ఆ సెలవంతా ఆయన కారు కిందే గడిపాడు. తర్వాతి సెలవూ అంతే, ఆ పై సెలవూ అంతే. ఓడ మీంచి దిగిన మనిషిని కళ్లారా చూసుకోవాలంటే ఆవిడ ప్రతిసారీ నడుం వంచి చూడాల్సి వచ్చేది. ఈసారి ఆ పని తనే ముగించేస్తే, సెలవున్నన్నాళ్లూ మనిషి నిటారుగా ఎదుట నిలబడతాడని ఆవిడ ఆశ.

ఆయన లేని రోజుల్లో వారానికోసారి బ్యాటరీ చచ్చిపోకుండా ఆవిడే కారు స్టార్టు చేసేది. డ్రైవరు సీటు ఆయన పొడుగాటి కాళ్లకు సరిపడా వెనక్కి జరిగి ఉండేది. ఆవిడ దాన్ని ముందుకు లాగేది కాదు. సీటు అంచున కూర్చుని, మునివేళ్లు అందీ అందక తొక్కేది. ఇంజను తిరిగినంతసేపూ అద్దంలో వెనక సీటు కేసి చూస్తూ ఉండిపోయేది. సీటు ముందుకు జరిపితే ఆయన ఇంకో అడుగు దూరం వెళ్లిపోయినట్టుంటుందని ఆవిడ ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఇంట్లో ఇంకొకరున్నారు, అత్తగారు. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిచింది. ఊరంతటి మాటలనూ కలుపుతూ, ప్రతి మాటలోనూ సగం మాత్రం విని, తక్కిన సగం తనే పూరించుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. ఇంతమందికి లైను కలిపిన మనిషి ఇప్పుడు ఆదివారం వచ్చే ఒక్క ఫోను కోసం శనివారం నుంచే కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేది. ఫోను రాగానే అందుకునేది ఆవిడే. "ఇదిగో, మీ ఆవిడకిస్తున్నా" అనేసరికి సిగ్నలు పోయేది. అత్తాకోడళ్ల మధ్య తగువేమీ లేదు. కాని ఉన్నది ఒక్క మనిషి, ఆయన మాటలు చాలీచాలనివి. అందుకని ఆయన లేనన్నాళ్లూ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు ఒత్తుకోకుండా, కాస్త ఎడంగా మసలుకునేవారు.

కొడుకు కారు కింద ఏదో బాగుచేస్తాడనే తప్ప, పైపుల ఊసే అత్తగారికి తెలియదు. ఆవిడ కడుపులో మాట దాగదు. పైపుల సంగతి తెలిస్తే రైల్లో ఉన్న కొడుక్కి ఫోను చేసి చెప్పేస్తుంది. అందుకని టైలరమ్మ, "అత్తయ్యా, కుట్టుమిషను బాగుచేయడానికి మేస్త్రి వస్తున్నాడు. షెడ్డు నేలంతా నూనె అవుతుంది, మీరు అటు రాకండి, జారతారు" అని అబద్ధమాడింది.

వచ్చిన మేస్త్రిని పేటంతా "పర్లేదు మేస్త్రి" అంటారు. ఏం విరిగినా, ఏం కారినా ఆయన నోట ఆ మాటే వస్తుంది. ఆయనకింకో అలవాటు కూడా ఉంది. కారు భాగాల అసలు పేర్లు నోరు తిరగక, వాటికి చుట్టరికాలు కలిపి పిలుస్తాడు. ఇంజను పెద్దాయన. ఎవరు చెప్పినా జరగని స్టీరింగ్ రాడ్ అల్లుడు. ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారు అత్త. "ఏ ఇంట్లోనైనా ఏదైనా మొదలయ్యేది ఆవిడతోనే కదమ్మా" అని దానికి ఆయన ఇచ్చే వివరణ. పాత ఇనుప దిమ్మ పాత కోడలు, మెరిసిపోతున్న హెడర్ పైపులు కొత్త కోడలు.

కారు షెడ్డుకూ అత్తగారి గదికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు పైన ఒక గాలి కిటికీ.

పాత దిమ్మ ఊడిరావడానికే సగం పొద్దు పట్టింది. బోల్టులకు తుప్పు పట్టి ఒక్కొక్కటీ ప్రాణం తీసింది. ఆఖరిది ఊడగానే మేస్త్రి సంతోషంతో గొంతెత్తాడు.

"పాత కోడలి పని అయిపోయిందమ్మా! ఎంత బరువుందో చూడండి, ఒళ్లంతా తుప్పు. దీన్ని ఇన్నాళ్లూ ఎలా భరించారో!"

అవతలి గదిలో అత్తగారు చేతిలోని పత్రిక దించారు.

"కొత్తది చూడండి, ఎంత సన్నగా, ఎంత నునుపుగా ఉందో" అంది టైలరమ్మ. "మూడేళ్ల కిందట ఆయనే ఏరికోరి తెచ్చుకున్నారు. అత్తయ్య తిడతారని నేనే ఇన్నాళ్లూ దాచిపెట్టాను."

అత్తగారు మంచం దిగి, గోడ పక్కకు కుర్చీ లాక్కున్నారు.

మేస్త్రి కొత్త పైపులను కింద నుంచి పైకి ఎక్కించబోయాడు. టంగుమంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మళ్లీ టంగుమంది.

"కొత్త కోడలికి ఈ ఇంట్లో చోటు లేదమ్మా. అత్త అడ్డంగా ఉంది."

"మరేం చేద్దాం?"

"అత్తని ఊడదీయాలి. పర్లేదు, పాతకాలం సరుకు గనక గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాస్త నూనె పోసి నానబెట్టి, సుత్తితో ఒక్కటిస్తే అదే వదుల్తుంది."

"పగలకుండా చూడండి. తీశాక గోనెసంచిలో చుట్టి మెట్లకింద పెట్టేయండి."

"అలాగే. ఆ తర్వాత పెద్దాయన్ని గొలుసేసి దూలానికి వేలాడదీద్దాం. ఏళ్ల తరబడి ఒక్కచోటే కూర్చుని బిగుసుకుపోయాడు."

అత్తగారు గోడ మీద పటంలో ఉన్న తన భర్త కేసి చూశారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినాయన్ని కూడా వదలరన్నమాట! ఆవిడ కుర్చీ దిగి ఫోను కోసం హాల్లోకి పరుగెత్తారు. ఆ తొందరలో మేస్త్రి ఆ తర్వాత అన్న మాట, "కోడలు లోపలికెళ్లాక అత్తని మళ్లీ తన చోటే కూర్చోబెడతాం లెండి" అన్నది, ఆవిడ చెవిన పడనేలేదు. ఎప్పటిలాగే తక్కిన సగం ఆవిడే పూరించుకున్నారు.

వేరే పేటలో ఉన్న కూతురికి ఫోను కలిసింది.

"అమ్మాయ్! మీ అన్న మూడేళ్ల కిందట ఇంకోదాన్ని తెచ్చుకున్నాడే! మీ వదినే దాన్ని ఎక్కడో దాచిందట. ఇవాళ దానికి చోటు చేయడానికి నన్ను గోనెసంచిలో చుట్టి మెట్లకింద పెడతారట!"

"నీకేమైనా జ్వరమా అమ్మా?"

"జ్వరం కాదే, సుత్తి!"

కూతురు వెంటనే అన్నకు ఫోను చేసింది. అన్న రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇంకెన్ని స్టేషన్లున్నాయో చూసుకుంటున్నాడు. చెల్లెలు చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. అర్థమైనవి అమ్మ, సుత్తి, గోనెసంచి అన్న మూడు మాటలే. భార్య కుట్టు బేరాలకు వాడే సెల్లుకు ఫోను చేశాడు. ఆ సమయానికి భార్య కారు కింద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ల మధ్య పట్టుకుని ఉంది. ఫోను మేస్త్రి ఎత్తాడు.

"ఎవరు? ఆవిడేదీ? అమ్మ ఎలా ఉంది?" అన్నాడు భర్త ఒక్క ఊపిరిలో.

మేస్త్రికి టైలరమ్మే అమ్మ. "అమ్మ కారు కింద ఉందండి" అని చెప్పేశాక, అది రహస్యమని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "అంటే... ఇప్పుడు పలకలేదు. కాళ్లు మాత్రం బయటే ఉన్నాయి. పర్లేదండి" అని ఫోను పెట్టేశాడు.

భర్త తర్వాతి స్టేషనులోనే పెట్టెతో సహా దిగిపోయాడు. అంబులెన్సుకు ఫోను చేసి, కంగారులో ఇంటి గుర్తులు అరకొరగా చెప్పాడు. తను ఒక టాక్సీ ఎక్కి, "మా అమ్మ కారు కింద పడిందయ్యా, తొందరగా పోనీ" అన్నాడు. టాక్సీవాడు పాపం తన శక్తికొద్దీ తొందరగానే పోనిచ్చాడు.

ఇక్కడ షెడ్డులో పెద్దాయన దూలానికి వేలాడుతున్నాడు. అత్త మెట్లకింద గోనెసంచిలో ఉంది. కొత్త కోడలు ఎట్టకేలకు లోపలికి దూరింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకునేలోపు, ఇంజనును కిందికి దించగానే పైపు వెళ్లి స్టీరింగ్ రాడ్‌కు ఆనుకుంది.

"ఆనితే ఏమైంది? పర్లేదు కదా?" అంది టైలరమ్మ ఆశగా.

మేస్త్రి మొదటిసారి ఆ మాట అనలేదు. "దీనికి మాత్రం పర్లేదు అనలేనమ్మా. బండి నడిచేప్పుడు ఇంజను ఊగుతుంది. ఏ రెండింటి మధ్యైనా వేలు దూరేంత ఎడం ఉండాలి. లేకపోతే ఒకదాన్నొకటి రాసుకుని, కాల్చుకుని పాడైపోతాయి. కావాలంటే పైపును సుత్తితో కొట్టి లోపలికి నొక్కేద్దాం."

"వద్దు. ఆయన వస్తువు మీద దెబ్బ పడకూడదు."

ఆవిడ లోపలికెళ్లి బట్టల మీద గీతలు గీసే సుద్ద తెచ్చింది. పైపు మీద మందంగా రుద్దింది. ఇంజనును కొంచెం ఎత్తి మళ్లీ దించమంది. స్టీరింగ్ రాడ్ మీద తెల్లటి మచ్చ పడింది, సరిగ్గా తగిలే చోట. చంక దగ్గర బిగుతైన జాకెట్టును చూసినట్టు ఆవిడ దాన్ని చూసింది. జాకెట్టయితే విప్పి కుట్టు వదులు చేయొచ్చు. ఇక్కడ విప్పడానికి కుట్టు లేదు. ఆవిడ నేలమీదే కూలబడింది. కిటికీలోంచి ఎండ వాలిపోవడం కనిపిస్తోంది.

"ఈ ఒక్కరోజు కోసం తొమ్మిది నెలలు చూశాను మేస్త్రిగారూ" అంది. "నాకేం అక్కర్లేదు. ఆయన కోరుకున్నది ఆయనకిచ్చేస్తే, ఒక్కసారి ఎదురుగా నిలబడి నవ్వితే, అది చాలు నాకు."

గోడ అవతల అత్తగారు అప్పటికే పెట్టె సర్దుకుని, కూతురింటికి వెళ్లిపోవడానికి చెప్పులు కూడా వేసుకున్నారు. ఆ మాటలు విని అలాగే నిలబడిపోయారు. తొమ్మిది నెలలు ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. తను కన్నకొడుకు కోసం చూస్తున్నట్టే పక్క గదిలో ఇంకొకతె చూస్తోందని ఆవిడకు తెలుసు. తెలిసి కూడా ప్రతి ఆదివారం ఫోను చివరిదాకా పట్టుకుంది తనే. ఇప్పుడా పిచ్చిది మొగుడి సంతోషం కోసం సవతికి చోటు సర్దుతోంది! అత్తగారు పెట్టె తెరిచి, చీరలన్నీ మళ్లీ బీరువాలో పెట్టేశారు. మూలనున్న గొడుగు తీసుకుని వీధి గుమ్మంలోకి నడిచారు.

ఇవతల మేస్త్రి పైపులు వచ్చిన అట్టపెట్టెను పక్కకు తోయబోతే అడుగున ఏదో గలగలమంది. పాత బనీనులో చుట్టిన రెండు ఉక్కు ప్లేట్లు బయటపడ్డాయి. వేలెడు మందం, నున్నగా చెక్కినవి. బోల్టులకు రంధ్రాలు కూడా ఉన్నాయి. మేస్త్రి వాటిని ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మల కింద పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

"ఇవి ఓడలో లేతు మిషను మీద చెక్కినవమ్మా. ఇవి వేస్తే పెద్దాయన వేలెడు పైకి లేస్తాడు, పైపు అల్లుడికి తగలదు. కాని నాకొకటి అర్థం కాలా. ఇంత చక్కగా చేసుకొచ్చిన మనిషి, బిగించకుండా ఎందుకు దాచినట్టు?"

"మరిచిపోయుంటారు" అంది టైలరమ్మ. ఆవిడకు ఆలోచించే తీరిక లేదు. ప్లేట్లు వేశారు, ఇంజను దించారు. పైపుకూ రాడ్‌కూ మధ్య ఆవిడ చూపుడు వేలు అటూ ఇటూ హాయిగా తిరిగింది. ఆనందంతో ఆవిడ ఆ వేలుతోనే కళ్లు తుడుచుకుంది. ముఖమంతా మసి అయింది. మేస్త్రి సెల్ఫ్ మోటారును గోనెసంచిలోంచి తీసి దాని చోట బిగించి, ఆఖరి బోల్టు తిప్పుతుండగా వీధిలో రెండు బళ్లు ఒకేసారి ఆగాయి.

టాక్సీలోంచి భర్త దూకాడు. అంబులెన్సులోంచి ఇద్దరు స్ట్రెచర్ దించారు. గుమ్మంలో తల్లి గొడుగుతో నిలబడి ఉంది.

"అమ్మా! నువ్వు కారు కింద లేవా?"

"నేనెందుకుంటానురా? ముందు అదెక్కడుందో చెప్పు!"

"ఏది?"

"కొత్తది! మూడేళ్ల కిందట తెచ్చుకున్నావే, సన్నగా, నున్నగా! ఒరేయ్, నాకు ఉన్నది ఒక్కతే కోడలు. నీకోసం కళ్లు కాయలు కాసేలా చూస్తోంది అది. నాతో పాటే చూస్తోంది. ఇంకొకతెని ఈ గడప తొక్కనిచ్చానా, చూడు!"

"అమ్మా, నేను నిన్నటిదాకా సముద్రంలో ఉన్నాను!"

"పేషెంటు ఎవరండీ?" అన్నాడు స్ట్రెచర్ పట్టుకున్నతను.

"పర్లేదు" అంటూ మేస్త్రి షెడ్డులోంచి వచ్చాడు. వెనకే నల్లటి ముఖంతో టైలరమ్మ వచ్చి, అత్తగారి మాట విని అక్కడే ఆగిపోయింది. ఒక్కతే కోడలు అన్న మాట ఇన్నేళ్లలో ఆవిడ చెవిన పడటం అదే మొదటిసారి.

"ఇంకొకతె ఎవరత్తయ్యా?" అంది మెల్లగా.

"నువ్వూరుకో. నీకు నోరు లేదు, నాకుంది."

సంగతంతా విడమర్చి చెప్పేసరికి స్ట్రెచర్ మనుషులు కూడా కూర్చుని విన్నారు. మేస్త్రి వాళ్లను షెడ్డులోకి తీసుకెళ్లి, పెద్దాయన్ని, అల్లుణ్ణి, అత్తని, కొత్త కోడల్ని పేరుపేరునా పరిచయం చేశాడు. అత్తగారు గొడుగు కొనతో సెల్ఫ్ మోటారును పొడిచి చూసి, "ఇదా నేను?" అన్నారు. "నాకన్నా లావుగా ఉంది."

అంబులెన్సు వెళ్లిపోయింది. టైలరమ్మ సీటు అంచున కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి, లేచింది. లోతైన, గుండ్రటి గొంతు. షెడ్డు రేకులు సన్నగా వణికాయి. అంత బాగుంటుందని ఆవిడ కూడా అనుకోలేదు. దిగి, భర్త ముఖం చూసింది. మూడేళ్లుగా తను ఊహించుకున్న నవ్వు అక్కడ లేదు. సామాను పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడాయన.

"నచ్చలేదా?"

"భలే ఉంది" అన్నాడాయన. "అయిపోయిందా అయితే?"

"అయిపోయింది. ఇంక మీరు కారు కింద దూరక్కర్లేదు."

ఆయన వంగి ప్లేట్ల కేసి చూశాడు. "ఇవి రెండేళ్ల కిందటే చేశాను" అన్నాడు. "పూటలో అయిపోయే పని."

"మరి?"

"ఓడలో ఇంజను మోత తప్ప ఇంకేమీ వినపడదు. ఇక్కడ నేను కారు కింద ఉంటే మీరిద్దరూ ఈ గుమ్మంలో కూర్చునేవారు. వాడు తిన్నాడా అని అమ్మ అడిగేది, గుండీలకు ఏ రంగు దారం బాగుంటుందని నువ్వడిగేదానివి. గంటలు గంటలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. నేను బయటికొస్తే ఇద్దరూ నాతోనే మాట్లాడతారు. ఆ కబుర్లు ఆగిపోతాయి. సముద్రంలో నాకు కలలోకొచ్చేవి ఆ కబుర్లే. అందుకే... బిగించలేదు."

ఇంజను ఇంకా తన కొత్త గొంతుతో తిరుగుతోంది. అత్తగారు వెళ్లి తాళం తిప్పి దాన్ని ఆపేశారు.

"నువ్వు కనిపిస్తే చాలని ఇదీ నేనూ చూస్తుంటే," అన్నారావిడ, "నువ్వు మట్టిలో పడుకుని మమ్మల్ని వింటున్నావట్రా?"

టైలరమ్మకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. రెంటినీ కలిపి మసి చేతులతోనే తుడుచుకుంది. అత్తగారు తన చీర చెంగు తడిపి కోడలి ముఖం మీది మసి తుడుస్తుంటే, మేస్త్రి పనిముట్లు సర్దుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే భర్త వంటింట్లో కుళాయి కారుతోందంటూ సింకు కిందికి దూరాడు. అత్తగారు ఒక పీట, కోడలు ఒక పీట తెచ్చుకుని దగ్గర దగ్గరగా వేసుకుని కూర్చున్నారు. కుట్టడానికొచ్చిన యూనిఫారాల గుండీల గురించి మొదలైన మాట ఎక్కడెక్కడికో వెళ్లింది. ఏ జబ్బూ లేని ఆ కుళాయిని బాగుచేయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.